మామగారు పెట్టిన వాచీ చేతికి కుదరడం లేదు

గోదావరి జిల్లాల నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి ఊరు కూడా చెప్పడం లేదు. వయసు 31, బ్యాంకు ఉద్యోగం, పెళ్లయి ఏడాదిన్నర. పెళ్లిలో మామగారు స్టీలు చైనున్న ఆటోమేటిక్ వాచీ పెట్టారు. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. అల్లుడికి బ్యాటరీ వాచీ వద్దు, లోపల చక్రాలు తిరిగేదే పెట్టాలని పట్టుబట్టి షాపులన్నీ తిరిగి కొన్నారట. తీరా చూస్తే మన పాఠకుడిది సన్నటి చెయ్యి. మణికట్టు చుట్టుకొలత 16 సెంటీమీటర్లు. చెయ్యి పైకెత్తితే వాచీ మోచేతి వైపు జారిపోయేది. బజార్లో ఒక షాపుకి తీసుకెళితే ఐదు నిమిషాల్లో మూడు లింకులు తీసేసి ఇచ్చారు. మూడూ ఒకే వైపు నుంచి, డయల్‌లో 6 అంకె ఉన్న వైపు. తీసిన వాటిలో రెండే తిరిగి ఇచ్చారు. మూడోది ఏమైందని ఈయన అడగలేదు.

అప్పట్నుంచి వాచీ జారడం తగ్గింది గానీ వేరే బాధలు మొదలయ్యాయి. లాక్ చేతి కింద మధ్యలో ఉండకుండా ఒక పక్కకి వచ్చేసింది, డయల్ బయటికి ఒరిగిపోతోంది. పొద్దున్న వదులుగా, సాయంత్రానికి బిగుతుగా ఉంటోంది. లాక్ కింద చర్మం ఎర్రబడి దురద పెడుతోంది. ఈ మధ్య ఒక పిన్ను కొస బయటికి పొడుచుకొచ్చి చొక్కా చేతి అంచుని పట్టుకుంటోంది. విసుగొచ్చి బీరువాలో పెడితే రెండు రోజులకే ఆగిపోయింది, మిషన్ కూడా పాడైందేమోనని భయం. సంక్రాంతికి వెళ్లినప్పుడు మామగారు ఖాళీ చేతి వంక చూసి "వాచీ నచ్చలేదా బాబూ?" అని అడిగారు. "సర్వీసింగ్‌కి ఇచ్చానండీ" అని చెప్పేశారు. పక్కనే ఉన్న భార్యకి అది అబద్ధమని తెలుసు. దారి పొడవునా మాట్లాడలేదట. "మా నాన్న పెట్టింది కాబట్టే బీరువాలో పడుంది" అని తర్వాత ఒక్కసారి అని, మళ్లీ ఆ ఊసెత్తలేదు. వచ్చే నెల ఆవిడ సీమంతానికి మామగారు వస్తున్నారు. ఈలోగా తోలు బెల్టు వేయించనా, షాపులో మార్చేసి ఇంకో వాచీ తీసుకోనా, ఓర్చుకుని ఆ రెండు రోజులూ పెట్టుకోనా అని ఈయన అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరంలో ఒక మాట నన్ను ఆపింది. "ఇంత ఖరీదు పెట్టి కొన్నది చేతికి కుదరలేదంటే ఆయన మనసు కష్టపెట్టుకుంటారు" అని రాశారు. కొన్నది కుదరకపోవడం ఇక్కడ ఎవరి తప్పూ కాదండీ. చైను వాచీ ఎవరి చేతికీ కొన్నది కొన్నట్టు కుదరదు. లావాటి చేతికి కూడా సరిపోవాలని కంపెనీలు చైను పొడుగ్గా చేసి పంపుతాయి. కొనేవాళ్లు షాపులో చెయ్యి చాపితే అక్కడికక్కడే లింకులు తీసి సరిచేసి ఇస్తారు. మీ వాచీ కొన్న రోజు మీరు అక్కడ లేరు. మామగారు వాచీని చూసి కొన్నారు, మీ చేతిని చూసి కాదు. అంటే ఆయన మొదలుపెట్టిన పనిలో రెండో సగం మీ దగ్గర మిగిలిపోయింది. ఆ సగాన్ని ఒక షాపువాళ్లు తొందరపడి చేశారు. ఇప్పుడు మీరు పడుతున్న ఇబ్బందిలో చాలా భాగం ఆ ఐదు నిమిషాల పని వల్ల వచ్చిందే.

ముందు పిన్ను సంగతి. మిగతావన్నీ ఆగుతాయి, ఇది ఆగదు. పిన్ను బయటికి వస్తోందంటే ఆ లింకు ఏ క్షణాన్నయినా ఊడుతుంది. బండి మీద వెళ్తూ ఉండగా ఊడితే వాచీ రోడ్డు మీద పడుతుంది, వెనక లారీ ఉంటే ఇక మాట్లాడుకోవడానికేం ఉండదు. కాబట్టి అది సరయ్యే దాకా పెట్టుకోకండి.

ఎందుకు వస్తోందో మీరే చూసుకోవచ్చు. వాచీని మెత్తటి బట్ట మీద బోర్లించి చైను లోపలి వైపు వెలుతురులో చూడండి. కొన్ని లింకుల మీద చిన్న బాణం గుర్తులు ఉంటాయి. అవి తీయడానికి వీలైన లింకులు. బాణం చూపించే వైపు తోస్తే పిన్ను బయటికి వస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు బాణానికి ఎదురుగా తోయాలి. చాలా పిన్నులకి ఒక కొస చీలి ఉంటుంది, ఆ చీలిక బిగిసి పట్టుకోవడం వల్లే పిన్ను నిలబడుతుంది. తిప్పి పెడితే పట్టు సరిగా దొరకదు, చేతి కదలికలకి కొద్దికొద్దిగా జారుకుంటూ వస్తుంది. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. కొన్ని చైన్లలో పిన్నుతో పాటు మధ్య లింకులో ఆవగింజ కంటే కాస్త పెద్దదైన చిన్న గొట్టం ఉంటుంది. పిన్నుని పట్టి ఉంచేది అదే. పిన్ను తీసేటప్పుడు ఆ గొట్టం జారి కింద పడితే వెతికినా దొరకడం కష్టం. అది లేకుండా పిన్ను దూర్చి ఇస్తే పైకి అంతా బాగానే కనిపిస్తుంది, కొన్ని వారాలకి మీకు జరిగినట్టు జరుగుతుంది. మీ వాచీలో ఏది జరిగిందో ఉత్తరం చూసి నేను చెప్పలేను. షాపుకి వెళ్లినప్పుడు "గొట్టం ఉందా లేదా చూడండి" అని మీరు అడగగలిగితే చాలు, అవతలివాళ్లు జాగ్రత్తగా చేస్తారు.

ఇక డయల్ ఒరిగిపోవడం. మూడు లింకులూ 6 వైపు నుంచే తీస్తే ఆ వైపు చైను పొట్టిదైపోయి లాక్‌ని తన వైపు లాక్కుంటుంది. లాక్ మణికట్టు కింద నడిమికి రాకపోతే డయల్ పైన నడిమికి రాదు. మీకు కొత్తగా లింకులు కొనాల్సిన పనేమీ లేదు. మీ దగ్గరున్న రెండింటిలో ఒకటి 6 వైపు మళ్లీ వేయించి, 12 వైపు నుంచి ఒకటి తీయించండి. 6 వైపు రెండు, 12 వైపు ఒకటి తీసినట్టు అవుతుంది. సరిసంఖ్య అయితే రెండు వైపులా సమానంగా తీయాలి, బేసి అయితే ఆ ఎక్కువది 6 వైపు తీస్తే చాలామంది చేతులకి లాక్ మధ్యకి వస్తుంది. మీ చేతికి కూడా అలాగే వస్తుందో లేదో షాపులోనే పెట్టుకుని, చెయ్యి తిరగేసి చూసుకోండి.

పొద్దున్న వదులు, సాయంత్రం బిగుతు అన్నారు. అది వాచీ లోపం కాదు, మీ చెయ్యే మారుతోంది. ఎండకి, ఉప్పు ఎక్కువ తిన్న రోజున, నడిచి వచ్చాక, రోజంతా చేతులు కిందికి వేలాడేసి పనిచేశాక మణికట్టు కాస్త ఉబ్బుతుంది. ఏసీలో కూర్చుంటే తగ్గుతుంది. అందుకే చైను కొలత పొద్దున్నే లేవగానే చూసుకోకూడదు. బ్యాంకు నుంచి వచ్చాక, సాయంత్రం పూట చూసుకోవాలి. లాక్ వైపు చైనుకీ చర్మానికీ మధ్య చిటికెన వేలు ఇబ్బంది లేకుండా దూరాలి. చెయ్యి కిందికి వదిలితే వాచీ కొంచెం జారవచ్చు గానీ, మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు బుడిపెలా ఉండే ఎముకని దాటి అరచేతి వైపు రాకూడదు. అది దాటితే కీ తిప్పే గుండీ చేతి వెనక భాగంలో గుచ్చుకుంటుంది. చైను మరీ వదులైతే లింకుల మధ్య వెంట్రుకలు కూడా పడతాయి.

మీ లాక్ ఏ రకమో రాయలేదు. దాని పక్క అంచున చూడండి. వరసగా రెండు మూడో, నాలుగైదో సన్నటి రంధ్రాలు ఉంటే మీ సమస్యలో సగం ఇంట్లోనే తీరిపోతుంది. చైను కొసని లాక్‌కి పట్టి ఉంచే స్ప్రింగ్ పిన్ను ఆ రంధ్రాల్లో ఒకదాంట్లో ఉంటుంది. టూత్‌పిక్‌తో దాన్ని లోపలికి నొక్కి పక్క రంధ్రంలోకి జరపాలి. రెండు చివర్లూ టిక్కుమని కూర్చున్నాయో లేదో లాగి చూడాలి. ఒక్కో రంధ్రానికి రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఒక లింకు తీస్తే మాత్రం సుమారు 8 మిల్లీమీటర్లు పోతుంది, మీ ఇబ్బందికి అది మరీ పెద్ద అంగ. షాపులో లింకులు సర్దించేటప్పుడు ఈ స్ప్రింగ్ పిన్ను మధ్య రంధ్రంలో ఉండేలా చూడమనండి. అప్పుడు వేసవిలో ఒక రంధ్రం వదులు, చలికాలంలో ఒక రంధ్రం బిగుతు మీరే చేసుకోవచ్చు. మొన్న షాపువాళ్లు ఈ రంధ్రాల జోలికి పోకుండా ఏకంగా లింకులే తీసి ఉంటారని నా అనుమానం.

రంధ్రాలేమీ లేకుండా రెండు వైపులా రెక్కల్లా తెరుచుకునే లాక్ అయితే ఈ వెసులుబాటు ఉండదు. అలాంటి చైన్లకి కొన్ని కంపెనీలు సగం పొడుగున్న లింకులు ఇస్తాయి. డబ్బాలో ఉందేమో వెతకండి, లేకపోతే సర్వీస్ సెంటర్‌లో అడగండి. సగం లింకు దొరకకపోతే కాస్త వదులుగా ఉంచుకోవడమే మేలు. బిగుతు మీ ఒంటికి పడటం లేదు.

ఇదంతా ఇంట్లో చేసుకోవచ్చా అంటే, చేసుకునేవాళ్లు ఉన్నారు. పిన్నులు తోసే చిన్న పరికరం ఆన్‌లైన్‌లో రెండు మూడొందలకి దొరుకుతుంది. బాణం గుర్తున్న మామూలు పిన్నులైతే ఓపికున్నవాళ్లకి అది అరగంట పని. కానీ మీ చైన్లో ఇప్పటికే ఒక పిన్ను అనుమానాస్పదంగా ఉంది, గొట్టం ఉందో లేదో తెలియదు. బలవంతంగా తోస్తే పరికరం ముల్లు విరుగుతుంది, లింకు మీద గీతలు పడతాయి. లింకులు పిన్నులతో కాక స్క్రూలతో బిగించినవైతే, కంపెనీలో జిగురు వేసి బిగించినవీ ఉంటాయి. సరిపోని స్క్రూడ్రైవర్‌తో తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది, తర్వాత ఎవరూ తీయలేరు. రంధ్రాల సర్దుబాటు మీరు చేసుకోండి. లింకుల పని మాత్రం ఈసారి కంపెనీ సర్వీస్ సెంటర్‌కో, చైను పని నిదానంగా చేసే పాత వాచీ మెకానిక్‌కో ఇవ్వండి. సర్వీస్ సెంటర్ అయితే డబ్బు, రోజులు రెండూ ఎక్కువ పట్టొచ్చు. కానీ సరైన పిన్ను, గొట్టం అక్కడే దొరికే అవకాశం ఎక్కువ. పోయిన మూడో లింకు కూడా అక్కడే అడగండి, వాచీ వెనక మూత మీదున్న మోడల్ నంబర్ చెబితే వెతుకుతారు. ఇప్పుడు దాని అవసరం లేదు గానీ రేపు మీరు ఒళ్లు చేస్తే కావాలి.

వాచీ ఆగిపోవడం గురించి టెన్షన్ పడకండి. ఆటోమేటిక్ వాచీకి చేతి కదలికే కీ ఇచ్చినట్టు. ఇలాంటివి చాలావాటికి ఒకసారి నిండా కీ ఎక్కితే 40 గంటలకి కాస్త అటూ ఇటూగా నడుస్తాయి. రెండు రోజులు బీరువాలో ఉంటే ఆగడం సహజం. మళ్లీ పెట్టుకునే ముందు గుండీని ఓ ఇరవై చుట్లు తిప్పండి, ఆ సౌకర్యం లేని మోడల్ అయితే చేత్తో మెల్లగా ఊపండి, నడుస్తుంది. తేదీ మార్చే పని మాత్రం వాచీలో రాత్రి 9 నుంచి 3 గంటల మధ్య టైము ఉన్నప్పుడు చేయకండి. ఆ సమయంలో తేదీ చక్రం తనంతట తాను తిరగడానికి సిద్ధమవుతూ ఉంటుంది, బలవంతం చేస్తే పళ్లు దెబ్బతింటాయి.

దురదకి రెండు కారణాలు ఉండొచ్చు. చైను సందుల్లో చెమట, సబ్బు నురగ, దుమ్ము కలిసి నల్లటి పేస్టులా పేరుకుంటాయి. చేతులు కడుక్కున్నప్పుడల్లా లాక్ కింద తడి ఆరదు. మీ వాచీ బిగుతుగా ఉండే సాయంత్రం పూటే దురద ఎక్కువని రాశారు కాబట్టి ముందు దీన్నే అనుమానించండి. లింకుల పనికి ఇచ్చినప్పుడే చైను విడదీయించి, మెత్తటి బ్రష్‌తో సబ్బునీళ్లలో కడిగించి, పూర్తిగా ఆరాక వేయించుకోండి. వాచీ మీద 30 మీటర్లు అని రాసుంటే ఆ డయల్‌ని నీళ్లలో ముంచకండి, అది చినుకులు తట్టుకునే పాటిదే. చర్మం మామూలయ్యే దాకా ఆ చేతికి ఏదీ పెట్టకండి. శుభ్రం చేసి, వదులు సరిచేశాక కూడా అదే చోట మళ్లీ ఎర్రబడితే అది నికెల్ పడకపోవడం కావచ్చు. స్టెయిన్‌లెస్ స్టీల్లో నికెల్ ఉంటుంది, చాలామందికి ఏమీ చేయదు, కొందరికి పడదు. బెల్టు బకిల్ తగిలే చోట, జీన్స్ గుండీ కింద కూడా మీకు ఎప్పుడైనా ఇలా అయిందేమో గుర్తు చేసుకోండి. అయితే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి, ప్యాచ్ టెస్టు చేసి తేలుస్తారు. ఆ పరిస్థితి వస్తేనే తోలు బెల్టు గురించి ఆలోచించాలి.

తోలు బెల్టు తప్పేమీ కాదు. చైను భద్రంగా దాచుకుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి వేయించుకోవచ్చు. కానీ మీ ప్రాంతపు ఉక్కకి, చెమటకి తోలు తొందరగా వాసన పట్టి బిరుసెక్కుతుంది. పైగా మామగారి కంటికి అది వేరే వాచీలా కనిపిస్తుంది. చెప్పకుండా వేయిస్తే ఆయన అడగకుండానే అర్థం చేసుకుంటారు, తప్పుగా. షాపులో మార్చేసుకోవడం మాత్రం ఇక కుదరదనుకోండి. లింకులు తీసిన, ఏడాదిన్నర పాతదైన వాచీని తీసుకుని కొత్తది ఇచ్చే షాపు ఎక్కడా ఉండదు. పాత ధరకి అమ్మి ఇంకోటి కొంటే బాధ వాచీతో పోదు, మీ ఇంట్లోనే ఉంటుంది. ఓర్చుకుని రెండు రోజులు పెట్టుకుంటానన్నారు. పిన్ను ఆ స్థితిలో ఉండగా సీమంతం హడావుడిలో బిందెలు మోస్తూ, కుర్చీలు సర్దుతూ తిరిగితే అందరి ముందూ ఊడిపడొచ్చు.

మీ భార్య విషయానికొస్తాను. మీ చేతి మీద ఎర్రటి మచ్చ ఆవిడకి ఎప్పుడైనా చూపించారా? ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. లింకులు ఒకే వైపు తీశారని, పిన్ను గుచ్చుకుంటోందని నాకు నాలుగు పేజీలు రాశారు. ఆవిడకి కనిపించింది మాత్రం వాచీ తీసి బీరువాలో పెట్టడం, తర్వాత వాళ్ల నాన్నతో అబద్ధం చెప్పడం, ఈ రెండే. వాటిని బట్టి ఆవిడ ఆ అర్థం చేసుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆరో నెలో ఏడో నెలో నడుస్తున్న మనిషి, పుట్టింటి మీద ధ్యాస మామూలు కంటే ఎక్కువగా ఉండే సమయం. ఈ రాత్రే వాచీ తెచ్చి ఆవిడ ముందు పెట్టండి. మచ్చ చూపించండి, పొడుచుకొచ్చిన పిన్నుని వేలితో తడిమి చూడమనండి. "సంక్రాంతికి మీ నాన్నకి అలా చెప్పి ఉండాల్సింది కాదు" అని కూడా అనండి. ఆ ఒక్క మాటా దాటేసి మిగతాదంతా చెబితే సంజాయిషీలా వినిపిస్తుంది.

మామగారితో ఏం చేయాలన్నదాంట్లో మీకు మూడు దారులున్నాయి. ఆయన వచ్చేలోగా పని పూర్తి చేయించి, వాచీ పెట్టుకుని ఎదురు వెళ్లడం ఒకటి. అప్పుడు సర్వీసింగ్ మాట ఆలస్యంగానైనా నిజమైపోతుంది, సీమంతం ప్రశాంతంగా జరుగుతుంది. కానీ ఆయన మెకానిక్. "ఏం సర్వీసింగ్ చేశారు?" అని తప్పకుండా అడుగుతారు, మీరు ఇంకో అబద్ధం అల్లాలి. రెండోది, పని చేయించి, జరిగింది జరిగినట్టు చెప్పడం. ఆయన ఒక్క నిమిషం చిన్నబుచ్చుకోవచ్చు. "నేనే కొలత చూసుకుని కొనాల్సింది" అంటారేమో కూడా. అప్పుడు చైను ఎవరికైనా ముందు పొడుగ్గానే వస్తుందన్న సంగతి చెప్పండి. మూడోది నాకు ఎక్కువ నచ్చినది, కానీ ఆయన స్వభావం మీకే తెలుసు. పిన్ను ఒక్కటీ ఇప్పుడే భద్రం చేయించి, లింకుల సర్దుబాటు ఆయన వచ్చాక ఆయన్ని వెంటపెట్టుకుని వెళ్లి చేయించడం. జీవితమంతా బస్సుల కింద పడుకుని నట్లూ బోల్టులూ బిగించిన మనిషి. పిన్ను ఏ వైపు నుంచి తోయాలి, గొట్టం ఎక్కడ కూర్చుంటుంది అన్నది మెకానిక్ బల్ల మీద మీకంటే ముందు ఆయనే పట్టేస్తారు. పది షాపులు తిరిగి కొన్న వాచీ మీ చేతి మీద సరిగ్గా కూర్చోవడం దగ్గరుండి చూసే అవకాశం పెళ్లి రోజున ఆయనకి దక్కలేదు. మాట పట్టింపు ఎక్కువున్న మనిషైతే, నలుగురిలో అడిగి లోపం ఎత్తిచూపినట్టు అనుకుంటారనిపిస్తే మాత్రం రెండో దారే మంచిది, అదీ మీరిద్దరే ఉన్నప్పుడు.

ఏ దారి ఎంచుకున్నా షాపు నుంచి కదిలే ముందు రెండు పనులు చేయండి. వాచీ పెట్టుకుని చెయ్యి గట్టిగా విదిలించండి, తర్వాత చైనుని వేళ్లతో అటూ ఇటూ వంచి ప్రతి పిన్ను కొసా లింకు అంచుకి సమానంగా ఉందో లేదో తడిమి చూడండి. ఈసారి తీసిన లింకులు, పిన్నులు, గొట్టాలతో సహా లెక్కపెట్టి ఒక చిన్న కవర్లో తీసుకుని, వారంటీ కార్డుతో కలిపి పెట్టండి. మూడో లింకు సంగతి సర్వీస్ సెంటర్ వాళ్లు ఏమన్నారో నాకూ రాయండి.